చుక్క చిందకుండా

నీళ్ళు పోయడంలో నాకు మా ఊళ్ళో మంచి పేరుండేది. నవ్వకండి, అదేమంత తేలికైన పని కాదు. మిరప కోతలప్పుడు దాహమైన ఆడవాళ్ళు చేలోంచి గట్టు మీదికి వచ్చి, కాస్త వంగి, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టి నోటికి ఆనించుకుంటారు. మనం చెంబు ఎత్తి పట్టుకుని సన్నటి ధారగా, ఆగకుండా పొయ్యాలి. ధార లావైతే మొహం తడిసిపోతుంది. మరీ సన్నమైతే గాలికి పక్కకి పోతుంది. చెయ్యి దించితే దోసిట్లో పడిన నీళ్ళు ఎగిరి చెంబుకి తగులుతాయి. తగిలితే ఇంటికెళ్ళాక చెంబుకి చింతపండు తోముడు, నాకు తలస్నానం. పదేళ్ళు నిండేసరికే నేను చుక్క చిందకుండా, చుక్క వెనక్కి ఎగరకుండా పోసేదాన్ని. "మా పద్మజ చెయ్యి మంచిది" అని మా నాయనమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఆ మెప్పు కోసం నేను ఆదివారాలు ఆటలు మానుకుని మరీ చేనికి వెళ్ళేదాన్ని. ఇన్ని పుస్తకాలు రాశాను, ఈ సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు.

పోయిన నెల గుంటూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "పద్మజగారేనాండి? నా పేరు కరుణ. దేవదానం మాస్టారి అమ్మాయినండి. నాన్నగారు పోయి రెండు నెలలైంది. ఆయన పెట్టెలో మీ నోటుపుస్తకం ఒకటి కనపడింది. ఈ మధ్య పేపర్లో మీ పేరు, మీ ఊరి పేరు చూసి మీరేనేమోనని నంబరు కనుక్కున్నాను. వచ్చి తీసుకుంటారా?" అంది. ఏ నోటుపుస్తకం అని నేను అడగలేదు. వస్తానని చెప్పి, ఫోన్ పెట్టేసి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలకుండా కూర్చున్నాను. నలభై ఏళ్ళుగా ఆ నోటుపుస్తకం చించేసి ఉంటారనే నమ్మకంతో బతికాను.

మాది అద్దంకికీ దర్శికీ మధ్య ఊరు. నల్లరేగడి. నాన్న సగం పత్తి, సగం మిరప వేసేవాడు. సంక్రాంతి దాటిందంటే ఇల్లంతా మిరప ఘాటే. కల్లంలో ఆరబోసిన కాయల మీదుగా గాలి తిరిగితే వంటింట్లో ఉన్న అమ్మ కూడా తుమ్మేది. నాయనమ్మ మాత్రం తుమ్మేది కాదు. ఆవిడ ముక్కులో ఎప్పుడూ నశ్యం ఉండేది కాబట్టి మిరప ఘాటుకి అక్కడ చోటు లేదని నాన్న వేళాకోళం చేసేవాడు. పొద్దున్నే కాఫీ తాగి, కొంగు నడుముకి దోపి, పీట వేసుకుని కల్లం పక్కన కూర్చునేది. రంగుపోయిన తాలుకాయలు ఏరే వాళ్ళ చేతుల మీద ఒక కన్ను, కోళ్ళ మీద ఒక కన్ను. మొదటి కోత పండుకాయలతో రోట్లో తనే పచ్చడి నూరేది. ఉప్పు, చింతపండు, పండుమిరపకాయలు కలిసి నలుగుతుంటే వచ్చే ఆ వాసనకి ఇప్పటికీ నాకు నోట్లో నీళ్ళూరతాయి. వేడన్నంలో ఆ పచ్చడి, మీద నెయ్యి, నాయనమ్మ కలిపి పెట్టిన ముద్ద. ప్రేమగల మనిషి. అది కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది.

కోతలకి కూలీలు ఊరికి ఎడంగా, కాలవ అవతల ఉన్న పల్లె నుంచి వచ్చేవాళ్ళు. అటువైపే చర్చి, పెంకుటిల్లు ఒకటి, మిగతావి పాకలు. వాళ్ళలో మరియమ్మ అని ఒకావిడ మాకు ఏటా వచ్చేది. మా అమ్మకంటే ఒకటి రెండేళ్ళు పెద్దదే ఉంటుంది. నేను ఆవిడని "మరియమ్మా, ఇటు రావే" అనేదాన్ని. ఆవిడ నన్ను "అమ్మాయిగారూ, కాసిని నీళ్ళు పొయ్యండి" అనేది. రోజంతా కాయలు కోసీ కోసీ ఆవిడ చేతులు మంటలెత్తి ఉండేవి. నేను పోసిన నీళ్ళు ముందు కాసేపు అరచేతుల్లోనే నిలుపుకుని, ఆ చల్లదనానికి కళ్ళు మూసుకుని, అప్పుడు తాగేది. ఆవిడ కూతురు సువార్త నా క్లాసే. బడిలో ఇద్దరం పక్కపక్కనే కూర్చునేవాళ్ళం, ఒకే చెట్టు చింతకాయలు తినేవాళ్ళం. ఆదివారం చర్చి అయ్యాక సువార్త కూడా తల్లితో కోతకి వస్తే, నేను ఆమెకీ ఎత్తి పోసేదాన్ని. మా ఇద్దరికీ అందులో వింతేమీ కనపడేది కాదు. నాకు కనపడేది కాదు అనడం నిజం. సువార్త సంగతి నాకేం తెలుసు?

మేం ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడు మా హైస్కూల్లో సోషల్ పోస్టు ఖాళీ పడింది. తెలుగు చెప్పే దేవదానం మాస్టారికే అది కూడా అంటగట్టారు. ఆయన అద్దంకి నుంచి బస్సులో వచ్చేవారు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఆయనదీ ఎక్కడో అట్లా ఊరికి ఎడంగా ఉన్న ఒక పల్లే. అందుకని ఊళ్ళో పెద్దవాళ్ళు హెడ్మాస్టరుకి "నమస్కారమండీ" చెప్పి, ఈయన్ని "ఏమయ్యా మేస్టరూ" అనేవారు. ఆయన దానికీ నమస్కారమే పెట్టేవారు.

సోషల్ పుస్తకంలో అంటరానితనం గురించి ఒక చిన్న పేరా ఉండేది. అది దురాచారమని, చట్టం దాన్ని రద్దు చేసిందని. మాస్టారు ఒకడి చేత చదివించి, "ఏమైనా అడగాలా?" అన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, అందరికీ నోటికొచ్చు. ఆయన మా మొహాలు కాసేపు చూసి, పుస్తకం మూసి, పద్యం చెప్పుకుందాం పట్టండి అన్నారు. మర్నాడు సోషల్ పీరియడ్‌కి ఒక పాత పత్రిక తెచ్చారు. అట్ట లేదు, కథ రాసిందెవరో తెలియకుండా మొదటి పేజీ సగం చిరిగిపోయింది. "ఇవాళ పాఠం ఇదే" అన్నారు.

ఆ కథలో కరువుకి ఊరు విడిచి నడిచే ఒక తల్లి ఉంటుంది. పత్తి జిన్నింగు మిల్లులో ఆవిడ కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి. దారిలో ఇంటింటా నీళ్ళడుగుతుంది. వాళ్ళు ఎత్తి పోస్తారు. వేళ్ళు లేని దోసిట్లోంచి సగం కారిపోతాయి. ఆ మాట దగ్గర మా క్లాసులో ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. మాస్టారు ఆగలేదు. "ఇంకాసిని పొయ్యమ్మా" అంటుంది ఆ తల్లి. మళ్ళీ కారిపోతాయి. చివరి ఇంటి ఆవిడ "ఎంత పోసినా చాలదా నీకు?" అని తలుపేసుకుంటుంది. అంతే, కథ అయిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారు పత్రిక మడిచి, "ఈ కథలో నీళ్ళు పోసే మనిషి ఏం అనుకుంటుందో రచయిత చెప్పలేదు. అది మీరు రాసుకురండి. ఆవిడే మాట్లాడుతున్నట్టు రాయాలి. తప్పొప్పుల గొడవ వద్దు, ఉన్నదున్నట్టు రాయండి" అన్నారు.

మిగతా పిల్లలకి అది కష్టమైన లెక్క. నాకు కాదు. క్లాసు మొత్తంలో ఆ పనిలో ఆరితేరినదాన్ని నేనొక్కదాన్నే. ఆ సాయంత్రం కల్లంలో గోతాల మీద కూర్చుని, తుమ్ముతూ, ముక్కు తుడుచుకుంటూ రెండు పేజీలు రాశాను. చెంబు ఎంత ఎత్తులో పట్టాలో రాశాను. నాయనమ్మ నేర్పిన కిటుకులు రాశాను. మరియమ్మ చేతుల మంట గురించి రాశాను, పేరు పెట్టి. "మరియమ్మ కోసిన కాయలతోనే మా నాయనమ్మ పచ్చడి నూరుతుంది. అది మేమందరం తింటాం. ఆమె చేతిలో కాయకి లేని అంటు మా చెంబుకి ఎక్కడినుంచి వచ్చింది? నేను మంచి పిల్లనని అందరూ అంటారు. ఆమె తాగుతున్నంతసేపూ నేను ఆమె మొహం చూడను, చెంబు చూసుకుంటాను" అని రాశాను. ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది. రాస్తుంటే వచ్చింది. ఆ తరవాత ఎన్ని వందల పేజీలు రాసినా అంత నిజం మళ్ళీ రాయలేదు, ఇది వినయం కోసం అంటున్న మాట కాదు.

మాస్టారు నా రెండు పేజీలూ క్లాసులో చదివారు. మరియమ్మ పేరు వచ్చిన ప్రతిచోటా "ఒకావిడ" అని మార్చి చదివారు. చదివాక కింద ఎర్రసిరాతో ఏదో రాసి, నా చేతికిచ్చారు. "సొంతంగా రాసింది. దాచుకోదగ్గది" అని ఉంది. నేను ఆ ఎర్రక్షరాల్ని చూసుకుంటూ గాల్లో తేలిపోతున్నాను. ఇంటర్వెల్లో సువార్త అడిగింది.

"మా అమ్మ గురించేగా?"

"ఊ."

"అయితే ఇంక ఎత్తి పొయ్యబాక మాకు. లోటా ఇయ్యి."

"సరే" అన్నాను. చాలా తేలిగ్గా అన్నాను.

ఆ సంగతి ఇంటికి చేరడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. మా ఇంటి గుట్టు బళ్ళో చదివారట, నాయనమ్మని అన్నారట, పల్లె పిల్లలంతా విన్నారట. నాన్న అన్నం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. రేపు బడికొచ్చి తేలుస్తానన్నాడు. నాయనమ్మ నన్ను కొట్టంలోకి తీసుకెళ్ళింది. నేను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా జడ సరిచేస్తూ, "చూడమ్మా, నువ్వే రాశానన్నావంటే మీ నాన్న బడి మానిపిస్తాడు. ఆ మేస్టరు చెప్పి రాయించాడని చెప్పు. ఆయన మొగోడు, గవర్నమెంటు ఉద్యోగస్తుడు. ఆయనకేమవుద్ది?" అంది. బడి మానేసిన మా అక్కని అప్పటికే చూస్తున్నాను, పొద్దున లేస్తే పేడకళ్ళు, మధ్యాహ్నం అల్లికలు. ఇదంతా నాయనమ్మ మీదికి నెట్టేస్తే నాకు ఎంతో హాయిగా ఉంటుంది, కొన్నేళ్ళు అలా నెట్టుకునే బతికాను కూడా. కానీ మర్నాడు ఆఫీసు రూములో మాట్లాడిన నోరు నాది.

ఆ రూములో హెడ్మాస్టరు, నాన్న, ఊరిపెద్దలు ఇద్దరు కుర్చీల్లో ఉన్నారు. దేవదానం మాస్టారు నిలబడి ఉన్నారు. నా నోటుపుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. పెద్దల్లో ఒకాయన, "పదమూడేళ్ళ పిల్లకి ఇన్నేసి మాటలు ఎట్టా వస్తాయండీ? ఎవురో ఎక్కించాల్సిందే" అన్నాడు. అంటే అబద్ధం అప్పటికే తయారుగా ఉంది, నేను తలూపితే చాలు. నాన్న నా వైపు తిరిగి, "నిజం చెప్పమ్మా. ఇది నీ అంతట నువ్వు రాశావా, మేస్టరు చెప్పాడా?" అన్నాడు.

"మాస్టారు చెప్పిందే రాశాను" అన్నాను.

అంతకుముందు సువార్తకి సరే అన్నంత తేలిగ్గానే అన్నాను. మాస్టారు నా వైపు చూశారు. నేను బల్ల మీది నోటుపుస్తకం చూస్తున్నాను. హెడ్మాస్టరు ఎర్రసిరా మీద వేలుపెట్టి, "మరి సొంతంగా రాసింది అని నువ్వే రాశావు కదయ్యా?" అన్నారు. ఆ ఒక్క వాక్యం చాలు ఆయన్ని బయటపడెయ్యడానికి. మాస్టారు గొంతు సవరించుకుని, "పిల్లల్ని ఉత్సాహపరచడానికి అట్లా రాస్తామండి. మాటలు నావే. పాప నేను చెప్పింది రాసింది, అంతే" అన్నారు. నాన్న నా తల నిమిరాడు. ఇంటికి తీసుకెళ్తూ దారిలో నాకు సోడా ఇప్పించాడు. నేను తాగాను. హెడ్మాస్టరు ఆ నోటుపుస్తకాన్ని మాస్టారి చేతికిచ్చి, చించి పొయ్యిలో పడెయ్యమన్నారని తరవాత తెలిసింది.

పదిహేను రోజుల్లో ఆయన్ని బదిలీ చేశారు. దర్శి అవతల, బస్సు దిగి ఇంకా చాలా దూరం నడవాల్సిన ఊరట. పిల్లల చేత ఊరి మీద రాతలు రాయించాడని కాగితాల్లో ఎక్కిందట. వెళ్ళే రోజు క్లాసుకొచ్చి అందరికీ బాగా చదువుకోండర్రా అని చెప్పారు. నేను ఆ రోజు కడుపునొప్పని బడికి వెళ్ళలేదు.

మళ్ళీ కోత పడిన ఆ ఆదివారం చేనికి మాత్రం వెళ్ళాను. గట్టు మీద నాయనమ్మ పీట వేసుకుని కూర్చుంది. కోతలోంచి ముందు మరియమ్మ వచ్చి దోసిలి పట్టింది. నా పక్కన బిందె మీద లోటా ఉంది. దాన్ని చూశాను, నాయనమ్మని చూశాను, చెంబు ఎత్తాను. ఆ రోజు కూడా చుక్క చిందలేదు. వెనక సువార్త నిలబడి ఉంది. ఆమె వంతు వచ్చాక దోసిలి పట్టలేదు. నాయనమ్మకి వినపడకుండా, "అది నువ్వు రాయలేదంటగా?" అంది. నేను చెంబు చూసుకున్నాను. "మరింకేం. ఎత్తే పొయ్యి, నువ్వు పోస్తే వీళ్ళు తాగుతారు. నాకొద్దు" అని, కొంగుచాటునుంచి ఇంటినుంచి తెచ్చుకున్న సీసా తీసి, నా ఎదురుగానే గటగటా తాగి కోతలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ బళ్ళో నా పక్కన కూర్చోలేదు. టెన్త్ దాకా ఒకే గదిలో చదివాం.

ఆ అబద్ధం పనిచేసింది. నాన్న నన్ను బడి మానిపించలేదు, గుంటూరులో కాలేజీ కూడా చదివించాడు. నేను తెలుగు ఎమ్మే చేశాను, కథలు రాశాను. మిరపచేల గురించి, కోత పాటల గురించి, రోటి పచ్చడి గురించి ఎంతో కమ్మగా రాస్తానని పేరొచ్చింది. స్కూళ్ళ వాళ్ళు పిలిచి పిల్లలకి సాహిత్యం గురించి చెప్పమంటారు. ఉన్నదున్నట్టు రాయండి అని చెప్పి వస్తాను. అది ఎవరి మాటో చెప్పను. ఈ మధ్య మా ఊరు వెళ్తే చేలగట్ల మీద మినరల్ వాటర్ టిన్నులు, పక్కన పేపరు గ్లాసుల కట్ట కనపడ్డాయి. మా తమ్ముడు, "చూశావా అక్కా, ఇప్పుడవన్నీ ఎక్కడున్నాయి, అందరం ఒకే నీళ్ళు" అన్నాడు. నిజమే. తాగి పారేసే గ్లాసుకి తోముడు లేదు, తలస్నానం లేదు. మారింది మేమా, గ్లాసులా అన్నది నాకు తెలియలేదు. వాడినీ అడగలేదు.

బ్రాడీపేటలో కరుణ ఇల్లు ఒక మందుల షాపు పైన. ఆటో దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద అడ్రసు వెతుక్కుని, మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. ఆమె అక్కడే ఒక క్లినిక్‌లో నర్సు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, జడలో పిన్నులు తీసుకుంటూ తలుపు తీసింది. గోడ మీద మాస్టారి ఫొటో, పక్కన వాళ్ళమ్మగారి ఫొటో. స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చింది. బయట ఎక్కడైనా గ్లాసు ఎత్తి నోట్లో పోసుకోవడం నా అలవాటు. ఎత్తబోయి, ఆగి, పెదవికి ఆనించి తాగాను. అది ఆలోచించి చెయ్యాల్సి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యమేసింది. కరుణ చూసిందో లేదో తెలియదు.

నోటుపుస్తకం అట్ట మీద నా పేరు, ఎనిమిదో తరగతి, బి సెక్షన్. మధ్యలో ఆ రెండు పేజీలు మిగతావాటికంటే మెత్తబడిపోయి, అంచులు నలిగి ఉన్నాయి.

"నాన్నగారు ఎక్కడ పనిచేసినా ఏటా ఎనిమిదో క్లాసుకి ఇది చదివేవారండి" అంది కరుణ. "నాకూ క్లాసులో చదివారు. నీళ్ళు పోసిన పిల్ల రాసింది అనేవారు. పేరు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చరిత్ర పుస్తకంలో లేనిది ఇందులో ఉంది, వినండి అని మొదలుపెట్టేవారు."

నేను తల వంచుకుని వింటున్నాను.

"ఒకటి అడగనాండి? ఇక్కడ నాన్నే రాశారు, సొంతంగా రాసిందని. మరి బదిలీ అయినప్పుడేమో తనే చెప్పి రాయించానని ఒప్పుకున్నారంట. అమ్మ అడిగితే అదే చెప్పారు. అమ్మ ఆ అడవిలాంటి ఊళ్ళో నన్నేసుకుని ఆరేళ్ళు అవస్థపడింది. పసిపిల్ల చేత పిచ్చిరాతలు రాయించి మమ్మల్ని ఇక్కడ పడేశావని ఆఖరిదాకా ఆయన్ని సాధిస్తూనే ఉండేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఏది నిజమండీ?"

రోడ్డు మీద ఏదో ఆటో హారన్ కొడుతూనే ఉంది. అది ఆగేదాకా చూశాను, అదొక వంక.

"నేనే రాశాను" అన్నాను. "మాస్టారు ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన చెప్పారని మా నాన్న ముందు అబద్ధం చెప్పాను. ఆయన నన్ను కాపాడటానికి అవునన్నారు."

కరుణ ఆ రెండు పేజీలనీ చేత్తో ఒకసారి చదును చేసి, నోటుపుస్తకం మూసింది. నా వైపు జరపబోయి, మళ్ళీ తన ఒళ్ళోకే తీసుకుని, "ఇది నేనే ఉంచుకుంటానండీ" అంది. ఉంచుకోమన్నాను. నాకు అడిగే హక్కు లేదు. లేచి చెప్పులేసుకుంటుంటే ఆమె తలుపు దాకా వచ్చింది. గోడ మీది రెండో ఫొటో వైపు చూసి, మెల్లగా, మర్యాదగానే అంది.

"అమ్మ పోయి మూడేళ్ళయిందండీ. ఈ మాట ఆవిడ ఉండగా వచ్చి చెప్పి ఉంటే బాగుండేది."